బొటనవేలికి 30 శాతం

యంత్రంలో పడి బొటనవేలు మొత్తం తెగిపోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. చూపుడు వేలికి 14, మధ్య వేలికి 12, చిటికెన వేలికి 7. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం అనుబంధంలోని పట్టిక ఇది. మనిషిని ముక్కలుగా తూకం వేసినట్టు ఉంటుంది గానీ, అంతకుముందు ఆ మాత్రం తూకమూ లేదు.

1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ప్రకారం మృతుడి కుటుంబం దావా వేయవచ్చు. కానీ తప్పు యజమానిదేనని రుజువు చేయాలి. తోటి పనివాడి పొరపాటుకు యజమాని బాధ్యుడు కాడన్న వాదన 1837 నాటి ఇంగ్లండు తీర్పుతో బలపడింది. ఆ దావా వేసింది ఓ మాంసం వ్యాపారి దగ్గరి పనివాడు. తప్పెవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి జర్మనీ 1884లో ప్రమాద బీమా తెచ్చింది, బ్రిటన్ 1897లో చట్టం చేసింది. మన చట్టం 1923లో తయారై, 1924 జులై 1న అమల్లోకి వచ్చింది.

అందులో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది 8వ సెక్షన్. కార్మికుడు చనిపోతే పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇవ్వకూడదు, పరిహారం తేల్చే అధికారి అయిన కమిషనర్ దగ్గర జమ చేయాలి. మూడు నెలల జీతం మించని ముందస్తు తప్ప, నేరుగా ఇచ్చింది పరిహారం కిందకే రాదు. శవం లేవకముందే కాగితం మీద వేలిముద్ర వేయించుకునే బేరసారాలకు అడ్డుకట్ట అది. పని కాంట్రాక్టరుకు అప్పగించినా అసలు యజమాని తప్పించుకోలేడు.

ఇంత ముందుచూపున్న చట్టమూ ఒక కాగితం మీదే నిలబడింది. ప్రమాదం జరిగిందని కార్మికుడు వీలైనంత త్వరగా తెలియజేయాలి, రెండేళ్లలోగా దరఖాస్తు పెట్టాలి. సంగతి యజమానికి ముందే తెలిసి ఉంటే నోటీసు లేదన్న సాకు చెల్లదు. కానీ తెలుసని చూపేదెలా? మరణం, తీవ్ర గాయాల సంగతిని యజమానే ఏడు రోజుల్లో నివేదించాలన్న నిబంధన తర్వాత చేరింది. వేలు తెగినవాడిని మేస్త్రి చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లి ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయిస్తే, దరఖాస్తు బలం సగం అక్కడే పోతుంది.

పట్టికలోని శాతమే తుదిమాట కాదు. 1968లో సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ కిందపడి ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక నష్టం నూటికి నూరు శాతమని సుప్రీంకోర్టు సమర్థించింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం రోజు నుంచేనని కూడా చెప్పింది. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా ఉన్నాయి.

జీతం ఎంతైనా 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునేది నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయలే. 30 ఏళ్ల కార్మికుడికి బొటనవేలు పోతే ఆ లెక్కన 5,61,546 రూపాయలు వస్తుంది. ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) పరిధిలోని వారికి దారి వేరు, క్లెయిము ఆ సంస్థలోనే.

ఈ హక్కులను ఉద్యోగంలో చేరేటప్పుడే రాతపూర్వకంగా తెలపాలని చట్టంలో చేర్చింది 2017లో, అంటే 94 ఏళ్లకు. 2025 నవంబరు 21న ఆ పాత చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, పనికి వచ్చిపోయే దారిలోని ప్రమాదాలనూ షరతులతో పరిహారం కిందకు తెచ్చింది. రోడ్డు మీద పడినప్పుడు చూడటానికి మేస్త్రి ఉండడు, సంగతి రాసుకోవడానికి హాజరు పుస్తకమూ ఉండదు. ఆ కబురు కాగితం మీద పెట్టించాల్సిన భారం మళ్లీ గాయపడ్డవాడిదే.