గద్వాల చీరకు ఒక్క స్టార్

పాత పద్ధతిలో నేసిన గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అది తెలియక ఆన్‌లైన్‌లో కొన్నావిడ ‘ఇది పూర్తి పట్టు కాదు’ అని ఒక్క స్టార్ ఇచ్చిందనుకోండి. అప్పటికి ఆ నేతన్నకు ఉన్నవి నాలుగే రేటింగులు, నాలుగూ ఐదేసి. సగటు ఐదు నుంచి 4.2కు జారుతుంది. రెండు వేల రేటింగులున్న హైదరాబాద్ షోరూముకు అదే స్టార్ దోమ కుట్టినంత కూడా ఉండదు. గద్వాల, నారాయణపేటల్లాంటి ఊళ్ల నుంచి అమ్ముకునేవాళ్ల చిక్కంతా ఈ సగటు దగ్గరే ఉంది.

ఈ రేటింగుల తూకం పుట్టి ముప్పై ఏళ్లవుతోంది. సంతలో అయితే అమ్మేవాడి ముఖం చూస్తాం, పక్క దుకాణంలో వాకబు చేస్తాం. 1995లో పియరీ ఒమిడ్యార్ మొదలుపెట్టిన వేలం సైటులో (తర్వాత ఈబే అయింది) ఆ వీలు లేదు. అందుకే 1996లో ఫీడ్‌బ్యాక్ తెచ్చాడు. మెచ్చుకుంటే ప్లస్ ఒకటి, ఫిర్యాదైతే మైనస్ ఒకటి, రెండూ కాకుంటే సున్నా. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఒకరికొకరు మార్కులు వేసుకోవచ్చు. ఇంకేముంది, నువ్వు మైనస్ పెడితే నేనూ పెడతా! ఆ భయంతో నచ్చకపోయినా చాలామంది నోరు మెదపలేదు. 2008లో కొనేవాళ్లకు మైనస్ ఇచ్చే వీలు అమ్మేవాళ్లకు తీసేశారు. ఈసారి గోల పెట్టడం అమ్మకందార్ల వంతయింది.

సగటు సంగతికి మాత్రం మందు ఎప్పటి నుంచో ఉంది. ప్రతి సరుకుకూ ముందే నాలుగేసి స్టార్ల రేటింగులు ఓ పది వచ్చాయనుకుని లెక్క మొదలుపెట్టాలి. అప్పుడు ఆ ఒక్క స్టార్ పడ్డా మన నేతన్న 4.29 నుంచి 4.07కే దిగుతాడు. సినిమాల రేటింగుల సైటు ఐఎండీబీలో టాప్ 250 పట్టిక నడిచేది ఇలాంటి లెక్కతోనే. ఇంత చిన్న కూడిక పెట్టని యాప్‌లు ఇప్పటికీ ఉండటం నాకైతే బద్ధకంగానే తోస్తుంది.

మన దేశంలో 2022 నవంబరులో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. పాటించడం ఐచ్ఛికమే. దాని గురి ప్రధానంగా నకిలీ రివ్యూల మీద. మన చీర కొన్నావిడ నకిలీ కాదు. సొంత డబ్బుతో కొన్నది, అనిపించింది రాసింది. ఆమెకు నూలు సంగతి ముందే చెప్పాల్సింది కొనే పేజీ. అక్కడేమో ‘గద్వాల పట్టు’ అని ఉంటుంది.