పుట్టింట్లో మొదలై అత్తింట్లో ఆగే టీకాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో తొలి పురుడు పుట్టింట్లోనే పోయాలన్న ఆనవాయితీ ఇంకా ఉంది. ఆ పుట్టిల్లు చాలాసార్లు ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలోనో, పార్వతీపురంలోనో, ఇచ్ఛాపురంలోనో ఉంటుంది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినా పెళ్లి సంబంధాలు ఆగలేదు. బాలింత మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వస్తుంది. చిక్కంతా ఆ ప్రయాణంలోనే. కోరింత దగ్గుతో సహా అయిదు జబ్బులను ఆపే పెంటావాలెంట్, పోలియో చుక్కలు, విరేచనాల జబ్బును ఆపే రోటా చుక్కలు పడాల్సింది 6, 10, 14 వారాలకు. 14 వారాలంటే మూడు నెలలు దాటి ఓ వారం. మూడో నెల నిండగానే బయల్దేరితే మూడో విడత ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. దీన్ని తల్లుల అశ్రద్ధ అనేయడం తేలికే కానీ న్యాయం కాదు.

అసలు ఈ 6-10-14 ఎక్కడిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో విస్తృత టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. మన దేశానికి అది 1978లో వచ్చింది గానీ ఎక్కువగా పట్టణాలకే పరిమితమైంది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా మారి, తట్టు టీకాను కలుపుకుని, 1989-90 నాటికి అన్ని జిల్లాలకూ చేరింది.

గడువుల వెనక ఒక బేరం ఉంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నంతకాలం కొన్ని టీకాలు సరిగా పట్టవు. విడతకీ విడతకీ మధ్య ఎడం ఎక్కువైతే రక్షణ గట్టిగా వస్తుంది. అమెరికాలో 2, 4, 6 నెలలకు వేసేది అందుకే. కానీ కోరింత దగ్గు పసికందుల ప్రాణం తీసేది మొదటి నెలల్లోనే. అందుకని కాస్త బలం తగ్గినా ఆరో వారంలోనే మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాల ఎడంతో మూడు విడతలూ ముగించాలని నిర్ణయించారు. మన పరిస్థితికి అదే సరైన బేరమని నా అభిప్రాయం. తట్టు టీకా సంగతి వేరు. తొమ్మిది నెలలకు వేస్తే సుమారు 85 శాతం పిల్లల్లోనే పడుతుంది, ఏడాదికి వేస్తే ఇంకా బాగా పడుతుంది. అయినా అంతవరకూ ఆగితే ఈలోపే తట్టు వచ్చేస్తుంది. అందుకే 9 నెలలకు ఒకటి, 16-24 నెలల మధ్య మరొకటి.

కొత్త టీకాలు అన్ని రాష్ట్రాలకూ ఒకేసారి రాలేదు. రోటా చుక్కలు 2016లో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉండటం ఇక్కడివాళ్ల అదృష్టం. మహారాష్ట్రలో తెలుగువాళ్లుండే సిరొంచ, కిన్వట్ వైపు పిల్లలకు అవి తర్వాతే అందాయి. మెదడువాపు టీకా అయితే జిల్లాను బట్టి ఉంటుంది. తెలుగువాళ్లున్న కలిమెల, మోటు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలోవే. 2016లో ఆ జిల్లాలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జపనీస్ మెదడువాపా, కసివింద గింజల విషమా అన్న వాదన చాలాకాలం నడిచింది. రెండూ ఉన్నాయన్నది దర్యాప్తుల సారం. ఆ తర్వాతే అక్కడ మెదడువాపు టీకా పెద్ద ఎత్తున వేశారు. ఆ జబ్బు లేని జిల్లాలో పుట్టింటివాళ్లకు దాని పేరే తెలియకపోవచ్చు.

గడువు తప్పితే ఏం చేయాలన్నది చాలామందికి చేరని కబురు. పడిన విడతలు వృథా కావు, మళ్లీ మొదటినుంచి వేయక్కర్లేదు. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. కొన్నింటికి మాత్రం తలుపు మూసుకుంటుంది: హెపటైటిస్-బి తొలి డోసు పుట్టిన 24 గంటల్లో, పుట్టగానే వేసే పోలియో సున్నా డోసు 15 రోజుల్లోపు, రోటా మొదటి విడత, క్షయకు వేసే బీసీజీ రెండూ ఏడాదిలోపు.

ఇంకో అడ్డంకి సీసా దగ్గర వస్తుంది. బీసీజీ, తట్టు-రుబెల్లా మందు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాలన్నదే నియమం. అయినా “ఇంకో ఇద్దరు రానీ, వచ్చే వారం తీసుకురా అమ్మా” అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. నెలకోసారి టీకాల రోజు ఉండే కొండ ఊళ్లలో ఆ వచ్చే వారం నెలవుతుంది.

టీకాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూ-విన్ 2023లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఎక్కడ వేసిన టీకా అయినా దేశంలో ఎక్కడి ఏఎన్‌ఎంకైనా (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తకైనా) కనిపించాలన్నది దాని ఉద్దేశం. తర్వాతి విడత కబురు నమోదు చేసిన ఫోనుకే వెళ్తుంది. పురిటి సమయంలో ఇచ్చిన నంబరు తాతగారిదైతే, ఆ కబురు వెళ్లేది పాతపట్నానికే.