మారకూడని కాగితం, మారాల్సిన కాగితం

బ్యాంకు నోటు, ఆస్తి దస్తావేజు, చెక్కు మూడూ కాగితాలే అయినా, వాటిని తయారుచేసే మిల్లుకు మాత్రం అవి మూడు వేర్వేరు పదార్థాలు. నోటు వేల చేతులు మారి, జేబుల్లో నలిగి, ఒక్కోసారి బట్టలతోపాటు ఉతుకులో పడినా చిరగకూడదు. దస్తావేజు తరాల తరబడి బీరువాలో ఉండి, మడత విప్పిన రోజున పొడిపొడిగా రాలిపోకూడదు. చెక్కు ఆయుష్షు తక్కువే గానీ, దాని మీది అంకెను ఎవరైనా రసాయనంతో చెరిపితే ఆ సంగతి అక్కడికక్కడే బయటపడాలి. మొదటి రెండింటికీ కాగితం ఎంత మొండిగా ఉంటే అంత మేలు. మూడోదానికి అది తాకగానే కందిపోయేంత సున్నితంగా ఉండాలి. పరస్పరం పొసగని ఈ కోరికలను తీర్చే పనిలో చాలా భాగం ముద్రణ మొదలుకాక ముందే, గుజ్జు ఇంకా నీళ్లలో తేలుతున్న దశలోనే పూర్తవుతుంది.

యంత్రం జల్లెడ మీదికి పారే గుజ్జులో సుమారు 99 శాతం నీరే ఉంటుంది. మిగిలిన ఒక్క శాతంలో ఉండే సెల్యులోజ్ పీచులను అంతకుముందే బాగా నలగగొట్టి, వాటి ఉపరితలం మీద నూగు లేచేలా చేస్తారు. నీరు వడిసి ఆరేకొద్దీ ఈ పీచులు దగ్గరకు చేరి, ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. కాగితాన్ని కలిపి ఉంచేది ప్రధానంగా ఈ బంధాలే, వేరే జిగురేమీ అక్కరలేదు. అయితే నీటి అణువులు ఈ బంధాలను సులువుగా విడదీస్తాయి కనుక, మామూలు కాగితం పూర్తిగా తడిస్తే దాని బలంలో పదో వంతు కూడా మిగలదు.

నోటు కాగితంలో ఈ బలహీనతను రెండు వైపుల నుంచి సరిదిద్దుతారు. మొదటిది పీచు ఎంపిక. కలపలో దాదాపు సగమే సెల్యులోజ్ ఉంటే, పత్తి పీచు దాదాపు అంతా సెల్యులోజే. పైగా అది పొడవైనది. అమెరికా నోట్ల కాగితంలో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార ఉంటాయి. ఆ నోటును ముందుకొకసారి, వెనక్కొకసారి మడవడాన్ని ఒక జంట మడతగా లెక్కిస్తే, చిరగడానికి సుమారు 4,000 జంట మడతలు పడతాయని అక్కడి అధికారిక లెక్క. ఇలాంటి పరీక్షలకు వాడే యంత్రం కాగితపు సన్నని పట్టీని నిర్ణీత బలంతో లాగి పట్టుకుని, అటూ ఇటూ 135 డిగ్రీల చొప్పున, తెగేదాకా వంచుతూనే ఉంటుంది.

రెండోది రెజిన్, అంటే వేడికి గట్టిపడే కృత్రిమ పదార్థం. మెలమైన్-ఫార్మాల్డిహైడ్ రెజిన్లు, 1960 ప్రాంతం నుంచి వాటితోపాటు పాలిఅమైడ్-ఎపిక్లోరోహైడ్రిన్ రకం రెజిన్లు, ఈ పనికి వాడుకలోకి వచ్చాయి. నీటిలో సెల్యులోజ్ పీచు మీద స్వల్పంగా రుణావేశం ఉంటుంది. రెజిన్‌కు ధనావేశం ఉంటుంది. అందువల్ల అంత నీటిలో కొద్దిగా కలిపినా రెజిన్ నీటితో కొట్టుకుపోకుండా పీచునే వెతుక్కుని అంటుకుంటుంది. ఆరబెట్టే వేడి రోలర్ల దగ్గర అది అల్లికలా గట్టిపడి, నీరు తెంచలేని బంధాలను ఏర్పరుస్తుంది. చుట్టలుగా చుట్టి నిల్వ చేశాక కూడా కొన్ని రోజులపాటు ఈ చర్య సాగుతూనే ఉంటుంది కాబట్టి, యంత్రం నుంచి అప్పుడే దిగిన కాగితాన్ని పరీక్షిస్తే అసలు బలం తెలియదు. పొడి కాగితపు బలంలో 15 శాతానికి పైగా తడిసినప్పుడూ నిలుపుకునేదాన్ని ఈ పరిశ్రమలో తడికి తట్టుకునే కాగితంగా లెక్కిస్తారు. చివరగా, బట్టకు గంజి పెట్టినట్టు, కాగితాన్ని జిలెటిన్ లేదా పాలివినైల్ ఆల్కహాల్ ద్రావణంలో ముంచి తీస్తే ఉపరితలం గట్టిపడి, మురికి త్వరగా పట్టదు.

దస్తావేజు కాగితం కథ వేరు. దాని ప్రధాన శత్రువు బయటినుంచి వచ్చేది కాదు, తయారీలో మనమే లోపల పెట్టినది. సిరా పాకకుండా ఉండేందుకు పూర్వం ఒక్కొక్క తావును జిలెటిన్‌లో ముంచేవారు. జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్ 1807లో ప్రకటించిన పద్ధతిలో ఆ శ్రమంతా తప్పింది: రోజిన్ అనే పైన్ చెట్ల బంకను, అల్యూమినియం లవణమైన పటికను గుజ్జులోనే కలిపితే చాలు. పని తేలికైంది, ఖర్చు తగ్గింది, మిల్లులన్నీ దీన్నే అనుసరించాయి. కానీ ఆ లవణం కాగితంలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను ఏళ్ల తరబడి ముక్కలు చేస్తూ పోతుంది. కలపలో పీచులను అతికించి ఉంచే లిగ్నిన్ గుజ్జులో మిగిలితే, అదీ దీనికి తోడై కాగితాన్ని పసుపురంగుకు తిప్పుతుంది. పాత పుస్తకం పేజీ మూలను మడిస్తే పటుక్కున విరగడం ఈ చర్య తుది ఫలితం. అమెరికాలో పాత పత్రాల పరిరక్షణలో నిపుణుడైన విలియం బారో 1900–1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని 1950లలో పరీక్షించి, వాటిలో అత్యధిక భాగం మరో యాభై ఏళ్లు నిలవవని తేల్చాడు. ఒక తెలివైన సౌకర్యం ఇంత నిదానంగా, ఇంత పెద్ద ఎత్తున నష్టం చేసిన సందర్భాలు పదార్థ విజ్ఞానంలో ఎక్కువ లేవనుకుంటాను.

దీనికి విరుగుడు కూడా గుజ్జు దశలోనే దొరికింది. ఆమ్లం అవసరం లేకుండానే సిరాను నిలువరించే ఆల్కైల్ కీటీన్ డైమర్ వంటి పదార్థాలు 1950లలో వచ్చాయి. వాటితోపాటు కాల్షియం కార్బొనేట్‌ను కూడా నింపవచ్చు. గాలిలోంచి వచ్చి చేరే ఆమ్లాన్ని కూడా అది కాగితంలోనే కూర్చుని హరిస్తుంది. 1994లో వెలువడిన ఐఎస్ఓ 9706 అనే అంతర్జాతీయ ప్రమాణం, శాశ్వత కాగితంలో కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ, అంటే ఆమ్లాన్ని హరించే పదార్థం ఉండాలని నిర్దేశిస్తుంది.

ఇక నకిలీని అడ్డుకునే ఏర్పాట్లలో అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ వన్నె తగ్గనిది నీటిగుర్తు. ఇది 13వ శతాబ్దం చివర్లో ఇటలీలోని ఫాబ్రియానోలో పుట్టింది. నోటు కాగితం తయారయ్యే యంత్రంలో తీగ జల్లెడ చుట్టిన ఒక డొల్ల సిలిండర్ గుజ్జు తొట్టిలో సగానికి పైగా మునిగి తిరుగుతుంది. బొమ్మను ఆ జల్లెడ మీద ఎత్తుపల్లాలుగా ముందే అచ్చొత్తి ఉంచుతారు. నీరు జల్లెడ గుండా లోపలికి పోతున్నప్పుడు పల్లాల్లో పీచు ఎక్కువగా, మెరకల మీద తక్కువగా పేరుకుంటుంది. ఆరిన కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పీచు దట్టంగా ఉన్నచోట చీకటి, పలచగా ఉన్నచోట వెలుగు, మధ్యలో అనేక ఛాయలు కనిపించి ముఖచిత్రం ఏర్పడుతుంది. దీన్ని తెల్ల సిరాతో పైన అచ్చు వేసి అనుకరించవచ్చు గానీ, అలాంటి బొమ్మ కాంతిని పక్కనుంచి వేసి చూసినా కనిపించి దొరికిపోతుంది. భద్రతా దారాన్ని కూడా ఈ సిలిండర్ మీదే, పీచు పేరుకుంటుండగానే లోపలికి వదులుతారు. ఇంగ్లండ్ నోట్లలో లోహపు దారం 1940లో వచ్చింది. కిటికీల్లోంచి తొంగిచూస్తున్నట్టు అక్కడక్కడా పైకి తేలే దారం 1984లో వచ్చింది.

అతినీలలోహిత దీపం కింద కనిపించే తేడాకు కారణం కూడా గుజ్జులోనే ఉంది. మామూలు తెల్ల కాగితంలో కలిపే మెరుపు రసాయనాలు ఆ దీపం కింద నీలంగా వెలుగుతాయి. భద్రతా కాగితంలో వాటిని వేయరు. అందువల్ల అది మసకగా ఉండి, ప్రత్యేకంగా కలిపిన రంగు పీచులు మాత్రమే మెరుస్తాయి.

చెక్కు కాగితం దగ్గరకు వస్తే తర్కమంతా తిరగబడుతుంది. ఇక్కడ కాగితం అసలైనదే, మోసం దాని మీది రాతలో జరుగుతుంది. అందుకే మిల్లు కాగితంలోకి రంగులేని కారకాలను చొప్పిస్తుంది. మాంగనీస్ లవణం ఉన్న కాగితానికి బ్లీచింగ్ ద్రావణం తగిలితే గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడి మరక మిగులుతుంది. మరో పాత పద్ధతిలో అయోడైడ్, పిండిపదార్థం రెండూ కలిసి ఉంటాయి. బ్లీచ్ చుక్క పడగానే అయోడిన్ విడుదలై, పిండితో కలిసి ముదురు నీలంగా మారుతుంది. అంకె చెరిగినా, చెరిపిన జాడ దానికన్నా స్పష్టంగా నిలుస్తుంది. నీటిలో కరగక, అసిటోన్ వంటి ద్రావకాల్లో మాత్రం కరిగే రంగు రేణువులు, ద్రావకంతో సిరాను కడిగేసే మరో రకం మోసానికి కాపలా. సిరా పాకకుండా కాగితానికి చేసే సైజింగ్ విషయంలోనూ జాగ్రత్త కావాలి: ఉపరితలం మరీ గట్టిగా ఉంటే సిరా పైపైనే ఆగిపోయి బ్లేడుతో గీకడానికి అనువవుతుంది, మరీ వదులుగా ఉంటే పాకిపోతుంది. సిరా పీచులోకి కొంత దిగాలి, గీకితే పీచు లేచి కనిపించాలి.

ఇన్ని గుణాలనూ ఒకే కాగితంలో పెట్టవచ్చు కదా అంటే, అది కుదరదు. ఆమ్లం తగిలితే రంగు మారే కారకం పనిచేయాలంటే ఆ ఆమ్లం దానిదాకా చేరాలి. దస్తావేజును కాపాడే కాల్షియం కార్బొనేట్ దాన్ని మధ్యలోనే హరిస్తుంది. బ్లీచ్‌కు స్పందించే కారకం గాలికీ వెలుతురుకూ కూడా ఎంతో కొంత లోనవుతుంది కనుక వందేళ్ల కాగితంలో దానికి చోటుండదు. నోటుకు అంత బలాన్నిచ్చే రెజిన్‌కూ ఒక మూల్యం ఉంది. మామూలు మిల్లులో పాడైన కాగితాన్ని నీళ్లలో వేసి తిప్పితే మళ్లీ గుజ్జవుతుంది. తడికి తట్టుకునేలా చేసిన కాగితం ఆ నీటికి లొంగదు. దాన్ని తిరిగి వాడాలంటే వేడితోపాటు క్షారమో ఆక్సీకరణ రసాయనమో వాడి ఆ బంధాలను తెంచాలి, లోపలి దారాన్ని విడిగా తీసేయాలి.