అంటించే గడ్డాలు, మీసాలు: అపోహలు - వాస్తవాలు

తీర్థంలో నాటకమైనా, బళ్లో ఏకపాత్రాభినయమైనా మన కోనసీమలో, భీమవరం వైపు వినిపించే మాట ఒకటే: "గడ్డం దట్టంగా పెట్టండి, ఎవరో తెలిసిపోతుంది." తెలియదు. వెంట్రుకలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయి, ఆ మనిషికి అప్పటికి ఎన్నేళ్లు అన్న దాన్ని బట్టే పోలిక వస్తుంది.

అపోహ: అల్లూరి సీతారామరాజు అంటే బొడ్డుదాకా గడ్డం.
వాస్తవం: ఆయన 1897 జులై 4న పుట్టి 1924 మే 7న అమరులయ్యారు. 27 ఏళ్లు కూడా నిండలేదు. ఒక్క నెరిసిన పోగు కలిసినా మన్యం వీరుడు ముసలి సాధువైపోతారు. నల్లగా, బుగ్గల పైన చర్మం కనబడేంత పలచగా పెట్టాలి.

అపోహ: తిరుపతి వేంకట కవుల మీసం అలంకారమే, పెన్సిలు గీత చాలు.
వాస్తవం: కడియంలో పుట్టిన చెళ్లపిళ్లవారు, యండగండిలో పుట్టిన దివాకర్లవారు సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ తామే కవులమని చాటడానికి మీసం పెంచామని పద్యంలోనే చెప్పుకున్నారు. ఏ కవులైనా తమను గెలిస్తే దాన్ని తీసేసి వాళ్లకు మొక్కుతామన్నారు. అది సవాలు మీసం, చివరి వరుసకూ కనబడాలి.

అపోహ: గమ్ ఎంత ఎక్కువ రాస్తే అంత గట్టిగా పడుతుంది.
వాస్తవం: మన దగ్గర ఎక్కువ వేషాలు చెడేది ఇక్కడే. వేషానికి వెంట్రుకలు అంటించే జిగురైన స్పిరిట్ గమ్ మందంగా పూస్తే లోపల ఆరదు. ఉక్కపోతకు అడుగున చెమట చేరి, గమ్ తెల్లగా మారి, అంచు లేచిపోతుంది. ముఖం కడిగి, జిడ్డు తుడిచి, గడ్డం వచ్చే చోట ఫౌండేషన్ రాయకుండా వదలండి. పలచగా పూసి, వేలితో తడుతూ జిగురు సాగేదాకా, సుమారు ఒక నిమిషం ఆగండి. క్రేప్ జడను, అంటే జడలా అల్లి అమ్మే వేషాల వెంట్రుకలను, ముందురోజే విప్పి, తడిపి, కుర్చీ కాళ్ల మధ్య లాగి కట్టి రాత్రంతా ఆరనిస్తే ఉంగరాలు పోతాయి. రెండు మూడు ఛాయలు కలపండి. ఒకే రంగయితే ఉన్ని అతికించినట్టుంటుంది. ముదురు రంగు గడ్డం కిందకు, లేతది పై అంచుకు. అతికించడం దవడ కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఇంటి పైకప్పు తాటాకు నేసినట్టే. మీసం కొసల నుంచి ముక్కు కిందకు. పెదవి అంచు మీద గమ్ పడితే పద్యం ఎత్తుకోగానే ఊడుతుంది. తడి గుడ్డతో అదిమి, పూర్తిగా ఆరాకే కత్తెర పెట్టండి. గమ్‌లో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి హారతికీ, బీడీకీ దూరం.

అపోహ: లింకన్‌కు గడ్డం ఉంటే చాలు.
వాస్తవం: ఆయనకు పైపెదవి మీద మీసం లేదు, కుడి చెంప మీద మచ్చ ఉంది. ఫొటో చూస్తూ అద్దంలో సొంతంగా పెట్టుకునేవాళ్లు దాన్ని ఎడమ చెంపకు మార్చేస్తారు. ఫొటోలో ఆయన కుడి చెంప మనకు ఎడమవైపు కనబడుతుంది, అద్దంలో మన ఎడమ చెంపే ఎడమవైపు ఉంటుంది.

చాప్లిన్ మీసం సొంతదే అనుకుంటారు చాలామంది. తెరమీద ఆయన పెట్టుకున్నది అంటించిన మీసమే.

అపోహ: పిల్లలకూ ఇదే గమ్ వాడొచ్చు.
వాస్తవం: అందులోది చెట్ల బంక, కొందరి చర్మానికి పడదు. పెద్దలకైనా ముందురోజు మోచేతి లోపల చుక్క రాసి చూడాలి. పిల్లలకు వల మీద కుట్టిన గడ్డాన్ని చెవులకు ఎలాస్టిక్‌తో తగిలించండి, మీసాన్ని ఐబ్రో పెన్సిలుతో దిద్దండి. పెద్దల గడ్డం తీసేటప్పుడు లాగకండి. గమ్ వదిలించే రిమూవర్‌లో ముంచిన బ్రష్‌ను అంచు కిందకు పోనిస్తూ, అది వదిలిన కొద్దీ తీయాలి.