డాబా మీద పలకలు ఎందుకంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటి మరమ్మతులు మొదలయ్యాయని, డాబా మీద పరిచేందుకు వేడిని ఆపే లేత రంగు నురుగు పలకలు దించారని రాశారు. ఒంటి చేత్తో లేపగలిగే ఆ వస్తువు అంత ఎండను ఆపుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదన్నారు. సందేహం సబబే.

నిజానికి ఆపేది పలక కాదు, దానిలో చిక్కుకున్న గాలి. కదలని గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. గాలి కదిలితే మాత్రం వేడిని మోసుకుపోతుంది. అందుకే దాన్ని నురుగు గదుల్లోనో, ఉన్ని పోగుల మధ్యనో కట్టిపడేస్తారు. 10 సెంటీమీటర్ల రాతి ఉన్ని (రాయిని కరిగించి తీసిన పోగులు) చేసే పనిని కాంక్రీటుతో చేయించాలంటే శ్లాబు మందం సుమారు 4 మీటర్లు ఉండాలి! అలాగని ఉన్నిని కుక్కి నింపితే గాలి పోయి పని చెడుతుంది. తడిసినా అంతే. కదలని గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా తేలికగా వేడిని దాటనిస్తుంది. కాబట్టి ఏ పలక మంచిదన్న చర్చ కన్నా, నీరు ఎటు పోతుందన్న ప్రశ్న నాకు ముఖ్యం.

పలకలను శ్లాబు కింద, గదిలోపల అంటిస్తే పని సులువు. కానీ శ్లాబు పగలంతా కాగి సాగుతుంది, రాత్రి చల్లారి ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పగుళ్లు తప్పవు. పైన పరిస్తే శ్లాబుకు ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. పైన పరచడంలోనూ రెండు పద్ధతులు. పలకల మీద వాటర్‌ప్రూఫింగ్ పొర వేయడం ఒకటి. ముందు ఆ పొర వేసి, దాని మీద పలకలు పరిచి, గాలికి లేవకుండా కంకరో బిళ్లలో వేయడం రెండోది. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే పొరకు ఎండ దెబ్బ తగలదు. అయితే అక్కడ పలకలు వానలో నానుతాయి. నీరు దాదాపు పీల్చని ఎక్స్‌పీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్ నురుగు) పలకలే వాడాలి, ఉన్ని పనికిరాదు.

మేస్త్రీ దగ్గర నిలబడి చూడాల్సింది ఒకటుంది. పొరలన్నీ కలిస్తే డాబా మట్టం 10, 15 సెంటీమీటర్లు పెరగవచ్చు. పిట్టగోడ ఆ మేరకు పొట్టిదవుతుంది. మీరు ఆడుకునే చోట అది చిన్న విషయం కాదు. గుమ్మం తక్కువైతే వాన లోపలికి వస్తుంది, తూము పొరల కింద పడుతుంది. వాలు 80 సెంటీమీటర్లకు కనీసం 1 సెంటీమీటరైనా ఉండాలి. పలకలు పరిచే ముందే ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి, ఎక్కడ నిలుస్తున్నాయో చూడమనండి.

ఏటవాలు కప్పు సంగతి వేరు. అటకను ఎవరూ వాడకపోతే దాని నేల మీద ఉన్ని పరిస్తే సరిపోతుంది. గదిగా వాడుకుంటే వాసాల మధ్య అమర్చాలి. మామూలు పెంకుల కప్పులో ఉన్నికి, పైపొరకు మధ్య 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, చూరు నుంచి కొప్పు దాకా గాలి ఆడనివ్వాలి. చాలామంది చూరు దగ్గరే ఉన్ని కుక్కి ఆ దారి మూసేస్తారు.

గాలి ఎందుకంటే, మన ఊపిరి, వంట, స్నానం ఇవన్నీ ఆవిరిని పైకి పంపుతాయి. 20 డిగ్రీల దగ్గర 50 శాతం తేమ ఉన్న గాలి, 9 డిగ్రీలున్న వస్తువును తాకితే నీటి చుక్కలు పడతాయి. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమర్చేది ఇందుకే. వాసాల్లో ఇదే జరిగితే చెక్క కుళ్లుతుంది. అందుకే ఆవిరిని ఆపే పలుచని పొరను ఎప్పుడూ వెచ్చగా ఉండే వైపునే వేస్తారు. చలి ప్రాంతంలో అది గది వైపు. ఉక్కపోత ప్రాంతంలో ఏసీ నడిచే ఇంటికి బయటి వైపు. పుస్తకంలో బొమ్మ చూసి, అది ఏ వాతావరణానికి గీసిందో ఆలోచించకుండా దించేవాళ్లంటే నాకు చిరాకు.

వేడిని తిప్పికొట్టే మెరిసే రేకు (ఫాయిల్) గురించి కూడా అడిగారు. దానికి ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే పని చేస్తుంది. రెండు పొరల మధ్య ఇరికిస్తే ఉత్త అలంకారం.

కరెంటు వైర్లు ఉన్ని కింద పడితే వేడెక్కుతాయి, కప్పకముందే ఎలక్ట్రీషియన్‌కు చూపించమని నాన్నతో చెప్పండి. పనివాళ్లు లేనప్పుడు మీరు మాత్రం ఉన్ని కట్టలు విప్పకండి. చేతులు దురద పెడతాయి, ఆ పోగులు కళ్లలో పడితే మంట.

ఇట్లు,
మీ తాతయ్య