లూపులో రాసిన లాంబ్డా: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఇంజినీరింగ్ విద్యార్థులకు పైథాన్ నేర్పుతుంటాను. పేరులేని ఫంక్షన్ల, అంటే లాంబ్డాల పాఠం రాగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: లూపులో లాంబ్డా రాస్తే, ఆ క్షణంలో ఉన్న విలువ అందులో నిలిచిపోతుంది.

వాస్తవం: నిలవదు. నెహ్రూ బస్ స్టేషన్ నుంచి బయలుదేరే బస్సుల వేళలు చూపే ప్రోగ్రామ్ రాస్తున్నామనుకోండి. గుంటూరు, తెనాలి, ఏలూరు అన్న జాబితా మీద లూపు నడిపి, ఊరికొక బటన్ పెట్టి, ప్రతి బటన్‌కూ 'ఊరు' అనే వేరియబుల్‌ను వాడే లాంబ్డా తగిలించాం. బటన్ల మీద పేర్లు సరిగ్గానే పడతాయి. ఏది నొక్కినా ఏలూరు బస్సులే వస్తాయి!

బటన్ మీది పేరు లూపు తిరుగుతుండగానే రాసేశాం. లాంబ్డా లోపలి కోడు నడిచేది మాత్రం బటన్ నొక్కాకే. 'ఊరు'లో ఏముందో అది వెతికి చూసేదీ అప్పుడే. అప్పటికి లూపు ముగిసి, చివరి పేరే మిగిలి ఉంటుంది. అదే లాంబ్డాను లూపు లోపలే పిలిచి చూస్తే జవాబు సరిగ్గా వస్తుంది. అందుకే ఈ తప్పు పైపై పరీక్షలకు దొరకదు.

అపోహ: లాంబ్డాకు 'ఊరు=ఊరు' అని డిఫాల్ట్ విలువ (బయటి నుంచి ఏమీ పంపనప్పుడు వాడుకునేది) ఇస్తే చాలు.

వాస్తవం: చాలాచోట్ల చాలు. ఫంక్షన్ తయారయ్యేటప్పుడే పైథాన్ డిఫాల్ట్ విలువను లెక్కగట్టి దాచుకుంటుంది. బటన్లు, విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీలో బటన్ తన ఫంక్షన్‌కు ఏ విలువనూ పంపదు కాబట్టి ఇబ్బంది లేదు. అలాంటిదే మరో లైబ్రరీ అయిన పైక్యూటీలో అలా కాదు. క్లిక్ జరిగిందని చెప్పే సిగ్నల్ తనతో పాటు ఒక విలువ తెస్తుంది, మామూలు బటన్‌కు అది 'ఫాల్స్'. అది నేరుగా 'ఊరు' స్థానంలోకి వచ్చి చేరుతుంది. గుంటూరు పోయి ఫాల్స్ మిగులుతుంది. అందుకే నా విద్యార్థులకు వేరే దారి చూపిస్తాను: ఊరిని పారామీటర్‌గా తీసుకుని, ఏ విలువ వచ్చినా పట్టించుకోని లాంబ్డాను లోపల తయారుచేసి తిరిగిచ్చే చిన్న ఫంక్షన్. పిలిచిన ప్రతిసారీ ఆ పారామీటర్ కొత్తగా పుడుతుంది, ఇక దాన్ని ఎవరూ మార్చలేరు.

అపోహ: డెఫ్‌తో పేరున్న ఫంక్షన్ రాస్తే ఈ గొడవ ఉండదు. పైగా లాంబ్డా వేగంగా నడుస్తుంది.

వాస్తవం: రెండూ తప్పే. డెఫ్‌తో రాసినా మూడు బటన్లూ ఏలూరే చూపిస్తాయి. వేగంలోనూ తేడా లేదు. పైగా ఎర్రర్ వచ్చినప్పుడు డెఫ్‌కు పేరు కనిపిస్తుంది, లాంబ్డాకు లాంబ్డా అనే ఉంటుంది.

అపోహ: ఇది పైథాన్‌కు మాత్రమే ఉన్న జబ్బు.

వాస్తవం: జావాస్క్రిప్ట్‌లో లూపు వేరియబుల్‌ను 'వార్' అనే పదంతో ప్రకటిస్తే ఇదే జరుగుతుంది. 2015లో వచ్చిన 'లెట్' ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇస్తుంది. సీ షార్ప్ 2012లో 'ఫర్‌ఈచ్' లూపును సరిదిద్దింది. గో భాష 2024లో 1.22 వెర్షన్‌తో తన లూపులను మార్చుకుంది. జావా అయితే, విలువ మారే లూపు కౌంటర్‌ను లాంబ్డాలో వాడితే కంపైలే కానివ్వదు. కొత్తగా నేర్చుకునేవారికి ఆ కఠినత్వమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.