రెక్క మందారం తీస్తే ముద్ద మందారం వస్తోందా? ఎర్రపూల ఫొటోలపై అపోహలు - వాస్తవాలు

కడియం వైపు నర్సరీలకు మొక్కల ఫొటోలు తీసిపెట్టడం నా పని. మొదట్లో ఒక నర్సరీ కేటలాగ్ కోసం రకరకాల పూలు తీసి ఇచ్చాను. పసుపు చామంతి, తెల్ల నందివర్ధనం, నీలి శంఖుపూలు అన్నీ బాగానే కుదిరాయి. ఎర్ర మందారం దగ్గరికి వచ్చేసరికి యజమాని ఫొటో కేసి చూసి, "ఏవండీ, నేను చూపించింది రెక్క మందారం కదా, మీరు ముద్ద మందారం తీసుకొచ్చారేంటి?" అన్నారు. వెటకారమే, కానీ మాట నిజం. అయిదు రెక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఒక్క ఈనె కూడా లేకుండా, కుంకుమ పొట్లం విప్పి పరిచినట్టుంది. ఆ పూటకి నేరం లెన్స్ మీదకి నెట్టేశాను. లెన్స్‌ది ఏ తప్పూ లేదని తెలియడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు కొత్తవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలావరకు ఒకప్పుడు నేనూ నమ్మినవే కనిపిస్తుంటాయి.

అపోహ: హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగెలా పరుచుకుందో చూపే గ్రాఫు) మధ్యలోనే ఉంది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందిన వెలుగు) సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: ఎర్రపువ్వు విషయంలో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కెమెరా సెన్సర్ మీద ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ఇది, ఇప్పటికీ చాలా కెమెరాల్లో ఉన్నది అదే. మందారం రెక్క ఆకుపచ్చ, నీలం కాంతిని దాదాపుగా మింగేసి, సుమారు 600 నానోమీటర్లు దాటిన ఎరుపును మాత్రం గట్టిగా తిప్పికొడుతుంది. కుళాయి కింద మూడు బిందెలు పెడితే ఒకటి పొంగి పొర్లుతుంటే మిగతా రెండూ అడుగు కూడా తడవనట్టు. జేపెగ్‌లో, అంటే కెమెరా తానే తయారుచేసి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్లో, ఎరుపు విలువ 255 దాటి వెళ్లలేదు. రెక్క మడతలో నీడ ఉన్నచోటా 255, పక్కనే వెలుగు పడినచోటా 255. ఇక తేడా ఎక్కడిది? ముద్ద అంటే అదే.

మరి గ్రాఫు ఎందుకు చెప్పదు? తెల్లగా ఒక్కటే కనిపించే గ్రాఫు ప్రకాశాన్ని లెక్కవేస్తుంది. టీవీల కాలం నుంచి వస్తున్న ఆ లెక్కలో ఆకుపచ్చ వాటా సుమారు 59 శాతం, ఎరుపుది 30, నీలానిది 11. అంటే ఎరుపు నిండిపోయినా, మిగతా రెండూ ఖాళీగా ఉంటే గ్రాఫు మూడో వంతు దగ్గరే కూర్చుంటుంది. మీరేమో "ఇంకా వెలుగు పెంచొచ్చు" అనుకుంటారు. కెమెరా మెనూలో మూడు రంగులకూ విడివిడిగా గ్రాఫు చూపించే అమరిక ఉంటుంది, దాన్ని పెట్టుకుని ఎరుపు ఒక్కదాన్నే చూడండి.

దీనికి తోడు మందారం చుట్టూ ముదురాకులుంటాయి. ఫ్రేమంతా చీకటిగా ఉందనుకుని, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఎక్స్‌పోజర్ పెంచుతుంది. నేను ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (మీటర్ లెక్కని పెంచే, తగ్గించే అమరికని) మైనస్ 0.7తో మొదలుపెట్టి, ఎరుపు గ్రాఫు కుడి గోడని వదిలేదాకా దించుకుంటూ పోతాను. ఎండలో ఒక్కోసారి మైనస్ 1.3 దాకా పోవాల్సి వస్తుంది. ఆకులు నల్లబడతాయి, నిజమే. వాటిని తర్వాత ఎడిటింగ్‌లో లేపుకోవచ్చు, పొంగిపోయిన ఎరుపును మాత్రం తిరిగి బిందెలో పోయలేం.

అపోహ: రాలో (సెన్సర్ పట్టినదాన్ని పెద్దగా మార్చకుండా దాచే ఫైల్లో) తీస్తే ఈ గొడవే ఉండదు.

వాస్తవం: సగం నిజం. పగటి వెలుగులో సెన్సర్ ఎరుపు గళ్లకు అందేది ఆకుపచ్చ గళ్లకన్నా తక్కువ. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సరిచేయడం) కోసం ఆ ఎరుపును తర్వాత ఒకటిన్నర, రెండు రెట్ల దాకా హెచ్చవేస్తారు. పొంగడం చాలాసార్లు ఆ హెచ్చవేతలోనే జరుగుతుంది. కాబట్టి జేపెగ్‌లో ముద్దయిన పువ్వు రా ఫైల్లో క్షేమంగా ఉండే అవకాశం ఎక్కువ. కానీ దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా అదే హెచ్చవేత చేస్తుందిగా? అక్కడ ఎక్స్‌పోజర్ దించి, ఒక్క ఎరుపుకే ప్రకాశం, గాఢత తగ్గిస్తే ఈనెలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. గాఢత తగ్గిస్తే రంగు చస్తుందని భయపడి అందరూ ఆ స్లైడర్‌ని కుడికి లాగుతారు. లాగాల్సింది ఎడమకి.

ఇంకోటి. మీరు రాలో తీస్తున్నా కెమెరా వెనక కనిపించే గ్రాఫు మాత్రం జేపెగ్‌దే. అందుకని పిక్చర్ స్టైల్ (జేపెగ్‌కి కెమెరా ఇచ్చే రంగుల తీరు) న్యూట్రల్‌లో పెట్టి, కాంట్రాస్ట్, సాచురేషన్ తగ్గించి ఉంచుతాను. వెనక ఫొటో చప్పగా కనిపిస్తుంది, గ్రాఫు మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది.

అపోహ: కెమెరాలో రంగుల పరిధిని అడోబ్ ఆర్‌జీబీకి పెట్టుకుంటే ఎరుపు బాగా వస్తుంది.

వాస్తవం: అడోబ్ ఆర్‌జీబీలోనూ, మామూలు తెరలు వాడే ఎస్ఆర్‌జీబీ పరిధిలోనూ ఎరుపు చేరగలిగే చివరి హద్దు ఒకటే. పెరిగింది ఆకుపచ్చ వైపు. ఎర్రపువ్వుకి చోటు కావాలంటే ఎడిట్ చేసేటప్పుడు 16 బిట్‌లో (రంగుల మెట్లు ఎక్కువుండే ఫైల్లో) ప్రోఫోటో అనే ఇంకా విశాలమైన పరిధి వాడండి. చివర్లో ఫోన్లలో చూసుకోవడానికి ఎస్ఆర్‌జీబీకి మార్చక తప్పదు కాబట్టి, మార్చాక రెక్కలు మళ్లీ కలిసిపోయాయేమో ఒకసారి చూసుకోండి.

అపోహ: పూలకి పొద్దుటెండ, సాయంత్రపు నీరెండ మించిన వెలుగు లేదు.

వాస్తవం: ముఖాలకి సరే, గడ్డివాములకి సరే. ఎర్రపువ్వుకి మాత్రం ఆ బంగారు వెలుగు పగ. అసలే ఎరుపొక్కటే పొంగుతుంటే, ఎరుపు నిండిన వెలుగు తెచ్చి మీద పోయడం ఏమిటి? నాకు కావాల్సింది మబ్బు పట్టిన ఆకాశం, లేదా పదింటి తర్వాత చెట్టు నీడ. అదీ లేకపోతే రెండు వెదురు కర్రలకి పాత తెల్ల పంచె కట్టి పువ్వుకి ఎండవైపు పట్టిస్తాను. పంచె నీలిమందు పెట్టనిది అయ్యుండాలి. మా ఇంట్లో ఉతికించిన పంచెతో ఒకరోజంతా తీస్తే ప్రతి పువ్వూ చల్లగా నీలిగా వచ్చింది, కారణం పట్టుకోవడానికి చాలాసేపు బుర్ర గోక్కున్నాను.

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. రెక్క లోపలి రంగుపదార్థం నుంచి వచ్చే వెలుగు ఎర్రగా ఉంటుంది. రెక్క పైచర్మం మీద మెరిసే సన్నని తళుకు మాత్రం తెల్లగా, అంటే మూడు రంగుల్లోనూ సమానంగా ఉంటుంది. ఎరుపు నిండిపోయిన చోట కూడా ఆ తళుకు ఆకుపచ్చ, నీలం ఛానళ్లలో (ఫొటోలో ఆయా రంగుల విడి పొరల్లో) పడుతుంది. మడతలు, ఈనెలు, నూగు దాక్కునేది అక్కడే. నమ్మకపోతే మీ మందారం ఫొటోలో ఆకుపచ్చ ఛానల్ ఒక్కదాన్నే నలుపు తెలుపులో తెరిచి చూడండి. అందుకే మెత్తని వెలుగయినా నెత్తిమీంచి కాకుండా పక్కనుంచి వచ్చేలా చూసుకుంటాను.

అపోహ: లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తే రంగు చిక్కబడి పువ్వు బాగుంటుంది.

వాస్తవం: చిక్కబడుతుంది, ఆ చిక్కదనమే కొంప ముంచుతుంది. పోలరైజర్ తీసేసేది ఇందాక చెప్పిన తళుకునే. నూరువరహాల ఆకుల మీద జిడ్డు మెరుపు తీయడానికి దానికి సాటి లేదు. రెక్కల మీద పూర్తిగా తిప్పొద్దు, సగంలో ఆపండి.

అపోహ: ఆటో వైట్ బ్యాలెన్స్ అంతా చూసుకుంటుంది.

వాస్తవం: ఫ్రేము నిండా ఎర్రపువ్వుంటే వెలుగే ఎర్రగా ఉందనుకుని చాలా కెమెరాలు చల్లబరుస్తాయి, ఎరుపు కాస్తా ముదురు గులాబీ వైపు జారుతుంది. డేలైట్‌లో స్థిరంగా పెట్టండి, లేదా అదే వెలుగులో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి.

అపోహ: బల్బు పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 పైన ఉంటే రంగులు నిజంగా పడతాయి.

వాస్తవం: పెళ్లి మండపాల్లో గులాబీ దండలు తీసేవాళ్లకి ఇది బాగా తగిలే దెబ్బ. పెట్టె మీద అంకె ఎనిమిది లేత రంగుల నమూనాల సగటు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, దాని పేరు ఆర్9, ఆ సగటులో దానికి చోటే లేదు. మామూలు తెల్ల ఎల్ఈడీ అంటే నీలి చిప్ మీద పసుపు పూత. ముదురు ఎరుపు అందులో పలచగా ఉంటుంది. మొత్తం అంకె బాగున్నా ఆర్9 సున్నా దగ్గరుండే చౌక బల్బులు బోలెడు. వాటి కింద గులాబీ ఇటుక రంగుకి తిరుగుతుంది. వెలుగులో లేని ఎరుపును ఏ స్లైడరూ తెచ్చిపెట్టదు. కొనేటప్పుడు ఆర్9 ఎంతో అడగండి. ఇక డెకరేషన్ వాళ్లు ఎర్ర పార్ లైట్లు (స్టేజీ మీద వాడే రంగు దీపాలు) వేసి దండలు తీయమంటే, రెండు నిమిషాలు వాటిని ఆపమని బతిమాలుకోవడమే నాకు తెలిసిన మార్గం.

అపోహ: ఫోన్‌తో ఎర్రపువ్వు రాదు.

వాస్తవం: వస్తుంది. పువ్వుని చూసి రంగు పెంచే సీన్ మోడ్ ఆపేయండి, పువ్వు మీద వేలు పెట్టి సూర్యుడి గుర్తును కిందికి లాగండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. జేపెగ్‌ను గట్టిగా నొక్కినప్పుడు రంగు వివరాలను వెలుగు వివరాలకన్నా తక్కువ నాణ్యతతో దాస్తారు, ఎర్రరెక్క పచ్చని ఆకుని తాకే అంచు అక్కడే గళ్లుగళ్లుగా చెదురుతుంది.

ఇన్ని చేసినా కొన్ని ఎరుపులు మామూలు తెర మీద పట్టవు. అప్పుడు ఛాయ, గాఢత, వివరం మూడిట్లో ఒకటి వదులుకోవాలి. నేను గాఢత వదులుతాను. మందారం ఒక్కరోజు పువ్వు కాబట్టి, వాడిపోకముందే కొమ్మని కిటికీ పక్కన తెర దగ్గర పెట్టుకుని ఛాయ సరిచూస్తాను. ఆ కేటలాగ్ ఫొటో మళ్లీ తీసి పట్టుకెళ్తే యజమాని చాలాసేపు చూసి, "కాస్త వెలిసినట్టుందండీ. సర్లెండి, రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు" అన్నారు.